ఏలినవారి యెదుట వెరవని కాటన్ దొర

దావీదు రాజు ఊరియా భార్యను అపహరించినపుడు నాతాను ప్రవక్త రాజసన్నిధికి వెళ్లి, ఆ దోషి మరెవ్వరో కాదని రాజు మొగము చూచి చెప్పెను. గలిలయ నేలుచుండిన హేరోదునకు బాప్తిస్మమిచ్చు యోహాను అట్లే చెప్పి, చెరసాలపాలై, తుదకు తలను కోల్పోయెను. ఈ కథలను మనము ఆదివారపు బడిలో చిన్ననాటినుండి వినుచున్నాము. వినుచున్నంతసేపు రోమములు నిక్కబొడుచుకొనును. పిమ్మట అవి యూదయ దేశపు పాతకాలపు సంగతులని మరచిపోవుదుము. గోదావరి మండలములో పుట్టి, ఈ కాలువల నీరు త్రాగి, ఈ కాలువలక్రింద పండిన యన్నము తినుచున్న మనము అట్లు మరచుట తగదు. ఏలయన, ఈ కాలువలను త్రవ్వించిన మహనీయుడు తన ప్రభువులకు అప్రియమైన సత్యమును ఏబది సంవత్సరములకు పైగా చెప్పుచు వచ్చినవాడు. ఆయనయే సర్ ఆర్థర్ కాటన్.

ప్రవక్తలకును ఈయనకును ఒక భేదము కలదు. ప్రవక్త రాజుగారి నౌకరు కాడు. కాటన్ దొర కంపెనీవారి జీతము తినుచు, కంపెనీవారి యూనిఫారము ధరించి, కంపెనీవారి తప్పును కంపెనీవారికే కాగితముమీద వ్రాసి సంతకముచేసి పంపినవాడు. ఉద్యోగములో నుండినవారికి ఇది యెంత కష్టమో చెప్పనక్కరలేదు. పైయధికారి కనుబొమ ముడిపడినచో ప్రమోషను పోవును, మంచి స్థలమునుండి చెడ్డ స్థలమునకు బదిలీ యగును. ఇక తోడి యుద్యోగుల యెగతాళి సరేసరి.

ఆయన 1803 సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ దంపతులకు కలిగిన పదునొకండుగురు కుమారులలో ఈయన పదియవవాడు. అంతమంది బిడ్డలుగల యింట ఆస్తి పంపకమున వచ్చునది స్వల్పము. కావున ఎవరి బ్రతుకుతెరువు వారు చూచుకొనవలసియుండెను. పదునైదవ యేట ఆర్థర్ ఆడిస్‌కోంబులోని కంపెనీవారి సైనిక విద్యాలయమున చేరి, యింజనీరు విద్య నభ్యసించి, 1821లో మదరాసు చేరెను. తొలుత చెరువులు చూచు శాఖలో పనిచేసెను. ఇండియాకును సింహళమునకును నడుమనున్న పాంబను కాలువను సర్వే చేసెను. 1824లో మొదలైన బర్మా యుద్ధమునకు వెళ్లి, కోటలను ముట్టడించిన దళములలో ముందునిలిచి పోరాడెను. తుపాకి గుండ్ల యెదుట ధైర్యము ఆయనకు యౌవనముననే కలదన్నమాట. అయితే అట్టి ధైర్యము పలువురు సైనికులకు కలదు. అట్టివారిలో పెక్కురు గవర్నరుగారి బల్లయెదుట నిలువబడినపుడు నోరు మెదపరు.

ఆయనకు విశ్వాసము వంశాచారముగా వచ్చిన పైపూత కాదు. యౌవనమందే హృదయమారగా క్రీస్తును నమ్మి, పరిశుద్ధ గ్రంథ పఠనమును ప్రార్థనను నిత్యకృత్యములుగా చేసికొనెను. ఆ కాలపు దొరలలో పెక్కుమందికి మతము ఆదివారమునాటి దుస్తులవంటిది. ఈయనకు అది వారము దినములు ధరించు వస్త్రము. దేవుడు వాన నిచ్చుచున్నాడు, నది నిచ్చుచున్నాడు, నేల నిచ్చుచున్నాడు. ఈ మూటిని కలుపవలసిన మనుష్యుడు చేతులు ముడుచుకొని కూర్చుండగా ప్రజలు ఆకలిచే చచ్చినచో ఆ దోషము ఎవరిది? ఈ ప్రశ్న ఆయన జీవితమంతట వినబడుచుండును. దైవనిర్ణయమని కరువును వదలివేయుట ఆయన మతమునకు సరిపడలేదు.

ఆయన మొదటి గొప్ప పని కావేరీ తీరమున జరిగినది. కావేరీజలము కొల్లడము పాయలోనికి తరలిపోయి తంజావూరు సీమ ఎండిపోవుచుండగా, 1835–36 సంవత్సరములలో ఆయన కొల్లడముపై రెండు ఆనకట్టలు కట్టి ఆ సీమను నిలిపెను. ఈ పనికి గురువులెవ్వరు? ఇంగ్లండులోని విద్యాలయము కాదు. చోళరాజుల కాలమున కట్టబడి, వందలకొలది సంవత్సరములుగా వరదలకు చెక్కుచెదరక నిలిచియున్న కల్లణై యను పురాతనపు ఆనకట్టయే ఆయనకు పాఠ్యపుస్తకము. లోతు తెలియని యిసుకపై పునాది వేయు ఉపాయమును తాను ఈ దేశస్థుల కట్టడమునుండియే నేర్చుకొంటినని ఆయన దాచుకొనక బహిరంగముగా వ్రాసెను. ఏలికలు ఏలబడువారియొద్ద విద్య నేర్చుకొంటిరని చెప్పుట ఆ దినములలో సామాన్యమైన మాట కాదు. అంతటితో నాగక, ఈ దేశపు ప్రజలు ఆంగ్లేయులను గూర్చి లోలోపల ఏమనుకొనుచున్నారో కూడ తన జాతివారికి విప్పిచెప్పెను: యుద్ధముచేయుటలో ఆరితేరినవారేగాని, పూర్వరాజులు కట్టిన చెరువులను కాలువలను మరమ్మతు చేయుటకైనను చాలని యొకవిధమగు నాగరిక అనాగరికులని ప్రజలు తలచుచున్నారనియు, ఆ తలంపు అన్యాయమైనది కాదనియు ఆయన భావము. కొండొకచో నేను ఆలోచింతును—ఈ వాక్యమును చదివిన మదరాసు సెక్రటేరియటులోని పెద్దదొరలు ఆ పూట భోజనము సరిగా చేసియుందురా యని.

ఇక మన సీమ సంగతి. ఈనాడు రాజమహేంద్రవరమునుండి కోనసీమకు వెళ్లువారికి ఇరుప్రక్కల కొబ్బరితోటలు, వరిచేలు, అరటితోటలు తప్ప మరొకటి కానరాదు. ఇది యనాదిగా ఇట్లేయుండెనని మనము తలచుచున్నాము. అది పొరపాటు. నంద‌న సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన కరువు గుంటూరు సీమను శ్మశానము చేసినది. మన సీమనుకూడ వదలలేదు. కన్నబిడ్డలను అమ్ముకొనిన తల్లిదండ్రుల కథలను మన ముత్తవ్వలు చెప్పుకొనిరి. 1839 నవంబరులో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి ఊళ్లను తుడిచివేసినది. 1821లో 7,38,308 మంది జనముండిన రాజమహేంద్రవరము జిల్లాలో 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఇరువది సంవత్సరములలో నలుగురిలో ఒకడు చొప్పున చచ్చిరి, లేదా దేశాంతరము పట్టిరి. ఈ సమయమందంతట గోదావరి నిండుగా ప్రవహించుచునేయున్నది. గట్టుమీద మనుష్యులు ఎండిచచ్చుచుండగా నది యేటేట సముద్రములో పడుచుండెను.

శిస్తు తగ్గిపోవుటచే కంపెనీవారికి మెలకువ వచ్చినది. (ప్రాణములు తగ్గినపుడు రాని మెలకువ శిస్తు తగ్గినపుడు వచ్చుట ప్రభుత్వములకు నూతనము కాదు.) సర్ హెన్రీ మాంట్‌గమరీ యను అధికారిని విచారణకై పంపగా, ఆయన 1844లో జిల్లా దుస్థితిని వివరించి నివేదిక నొసగెను. ఆ సంవత్సరమే కాటన్ గోదావరిని పరిశీలించి తన మొదటి నివేదికను, 1845లో రెండవదానిని మదరాసునకు పంపెను.

ఆ నివేదికలను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. ఉద్యోగి వ్రాయు నివేదికకు ఒక మర్యాద కలదు. పూర్వపు అధికారులు శక్తివంచన లేక పాటుపడిరనియు, కాలదోషముచే ఫలితము కొరవడెననియు, ఇపుడు ఇంచుక ద్రవ్యము మంజూరైనచో మేలగుననియు వినయముగా వ్రాయుట ఆ మర్యాద. కాటన్ దానిని పాటింపలేదు. తంజావూరును గోదావరిని ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. రెండును డెల్టాలే, రెండింటను నల్లని ఒండ్రునేలయే, గోదావరినీరు కావేరినీటికంటె ఎన్నియోరెట్లు అధికము. ఒకచోట జనమును శిస్తును పెరుగుచుండగా రెండవచోట రెండును క్షీణించుచున్నవి. తేడా నేలలో లేదు, నీటిలో లేదు, రైతులో లేదు. తేడా ఒకచోట నీటిని కట్టి పొలమునకు మరల్చుటలోను, రెండవచోట మరల్చకుండుటలోను ఉన్నది. మరల్పవలసినవారు ఎవరు? ఏబదియేండ్లకు పైగా ఈ సీమనుండి శిస్తు గైకొనుచున్నవారే. ఈ సీమ దారిద్ర్యమునకు మూలము ప్రభుత్వపు అలక్ష్యమేయని ఇంత నిర్మొగమాటముగా ప్రభుత్వమునకే తెలుపుట సాహసము కాక మరేమి?

కాటన్ వట్టి ఉద్రేకపరుడు కాడు. పైవారికి ధర్మముతోపాటు లెక్కయు చూపవలెనని ఆయనకు తెలియును. ధవళేశ్వరమువద్ద నది కొండలను దాటివచ్చి విశాలమై పాయలు చీలుచున్నది. లంకలను కలుపుకొనినచో ఈ గట్టునుండి ఆ గట్టునకు నాలుగు మైళ్లు. అచట నాలుగు పాయలకు—ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము—అడ్డముగా 12 అడుగుల యెత్తున ఆనకట్ట కట్టినచో నీరు రెండుగట్లనున్న కాలువలలోనికి తనంతట తానే యెక్కును. కట్టడపు నిడివి మొత్తము సుమారు 2¼ మైళ్లు. అంచనా సుమారు 4¾ లక్షల రూపాయలు. పెట్టిన సొమ్ము శిస్తురూపమున ఎట్లు తిరిగివచ్చునో వివరముగా చూపెను. లండనులోని డైరెక్టర్లు 1846 డిసెంబరులో అంగీకరించిరి. 1847లో పని మొదలైనది.

అడిగిన సహాయములో వచ్చినది స్వల్పము. కావలసినంతమంది యింజనీర్లు లేరు. చేయి తిరిగిన తాపీవారు చాలరు. ఉన్న కొలదిమంది పడుచు అధికారులను, వేలకొలది కూలీలను కూర్చుకొని ఆయన పని నడిపెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి తీయించి రైలుపట్టాలపై బండ్లలో నదియొద్దకు తెప్పించెను. ఇసుకలో వరుసగా నూతులను దించి, వానిని నింపి, వానిపై గోడలను లేపి, నడుమ రాయి నింపెను—కల్లణై నేర్పిన పాఠమునకు ఇది మరియొక రూపము. వేసవిలో మాత్రమే నదిలో దిగి పనిచేయ వీలగును. అనగా మండుటెండలో పనిచేయవలెను. 1848లో ఆయనకు వడదెబ్బ తగిలి ప్రాణముమీదికి రాగా, సెలవుపై ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చెను. ఆ కాలమున కెప్టెన్ ఆర్ పనిని సాగించెను. ఆయనయే పిమ్మట బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట కట్టినవాడు. కాటన్ 1850లో తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట ముగిసెను.

ఈ సందర్భమున మరువరానివాడు వీణెం వీరన్నగారు. కూలీలను కూడగట్టుటలోను, వారికి తిండియు బసయు చూచుటలోను, దొరల మాట జనమునకు, జనము మాట దొరలకు తెలుపుటలోను ఆయన కుడిభుజముగా నుండెను. ఆయనకు రాయబహదూరు బిరుదము వచ్చినది. ధవళేశ్వరములో ఆయన పేర శిలాఫలకము నెలకొల్పబడినది. తన క్రింద పనిచేసిన ఈ దేశస్థుని సేవను కాటన్ పైవారికి తెలియజేయుట మానలేదు. పైవారికి చేదుమాట చెప్పగలవాడు క్రిందివారికి న్యాయమైన ప్రశంస దాచుకొనడు. ఈ రెండు గుణములును సాధారణముగా కలిసియే యుండును.

గన్నవరమువద్ద వైనతేయ పాయమీదుగా 49 కమానుల అక్విడక్టును కట్టి నాగారము లంకకు కాలువనీరు దాటించిన హేగ్ దొరయు ఈయన శిష్యుడే. విశ్వాసమునందును శిష్యుడే, పిమ్మట 1860లో దుమ్ముగూడెమున కోయవారి నడుమ సువార్తసేవ మొదలగుటకు ఆయనయే కారకుడు. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పాటుపడుచుండిన బౌడెన్, బీర్ అను మిషనరీలకును కాటన్ స్నేహితుడు. ఆనకట్ట కూలీలలో సువార్త ప్రకటింపబడినది. అయితే కాలువనీటికి మతభేదము చూపవలెనని ఆయన యెన్నడు తలపలేదు. క్రైస్తవుని చేనికి, హిందువుని చేనికి, మహమ్మదీయుని చేనికి తూము ఒక్కటే.

ఆనకట్ట నిలిచినది, నీరు పారినది, పంట పండినది. అయినను చిక్కులు తీరలేదు. వ్యయము మొదటి అంచనాను మించెను. కాలువలు, లాకులు, గట్లు, వంతెనలు, రోడ్లు—ఒకటి వెనుక నొకటి కావలసివచ్చెను. ప్రతి రూపాయకును సంజాయిషీ అడుగుచు మదరాసునుండి కాగితములు వచ్చుచుండెను. కాటన్ సంజాయిషీ యిచ్చుచునే ఎదురుప్రశ్న వేయుచుండెను: పని ఆలస్యమగుటచే ప్రతి సంవత్సరము పండక పోయిన పంట వెల యెంత? ఆ లెక్క ఎవరు వ్రాయుచున్నారు? గుమాస్తా లెక్కలలో ఖర్చుపెట్టిన సొమ్ము కనబడును, ఖర్చుపెట్టనందువలన పోయిన ప్రాణములు కనబడవు. ఆయన స్వభావమున నమ్రత యుండినను కలమున నుండలేదు. పైవారిలో ఆయనయన్న మంటపడువారు, ఆయనను వదలించుకొనగోరువారు లేకపోలేదు.

1854లో ఇండియాలోని పబ్లిక్ వర్క్సును గూర్చి ఒక గ్రంథమునే ప్రచురించెను. ఇంతవరకు ఆఫీసు దస్తరములలో చెప్పిన మాటను ఇపుడు ఇంగ్లండు ప్రజలకు చెప్పెను. రోడ్లు లేవు, కాలువలు లేవు, ఉన్న చెరువులు పూడిపోవుచున్నవి. ఇట్టి దేశమునుండి కోట్లకొలది శిస్తు గొని, దానిలో అత్యల్పభాగమైనను ప్రజోపయోగమునకు ఖర్చుపెట్టకుండుట క్రైస్తవ ప్రభుత్వమని చెప్పుకొనువారికి సిగ్గుచేటని దాని సారము. ఉద్యోగములోనుండి ఇట్లు అచ్చువేసిన సైనికాధికారులు ఎందరుందురు?

1858లో మదరాసు ప్రభుత్వమే గోదావరి పనిని గూర్చి తన మినిట్టులో ఆయనను మిక్కిలి కొనియాడినది. 1861లో సర్ బిరుదము వచ్చినది; 1866లో మరియొక గౌరవము. ఇంతటితో కథ ముగిసినచో చదువుటకు సుఖముగానుండెడిది. కాటన్ ఇంతటితో ఊరకుండు మనిషి కాడు. మరియు ఆయన వేసిన ప్రతి అడుగు ఫలించినదని చెప్పుట సత్యము కాదు. సత్యవాదిని గూర్చి వ్రాయునపుడు ఆ సంగతియు వ్రాయవలెను.

1858లో ఆయన ప్రోత్సాహముచే మదరాసు ఇరిగేషన్ కంపెనీ యేర్పడినది. తుంగభద్రపై సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి కర్నూలు, కడపల వరకు కాలువ త్రవ్వించుట దాని పని. వాటాదారులకు పది లక్షల పౌనులపై నూటికి 5 వంతున వడ్డీ ప్రభుత్వపు హామీ. కాలువ త్రవ్వబడినది, కాని ఖర్చు మితిమీరినది. రేగడినేలలో జొన్నయు పత్తియు పండించుకొను రాయలసీమ రైతులు నీటితీరువ యిచ్చి వరి వేయుటకు ఆశించినట్లు ముందుకు రాలేదు. గోదావరి డెల్టాలో నిజమైనది అచట నిజము కాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. ఎగువ గోదావరిని పడవదారిగా చేయవలెనని దుమ్ముగూడెమువద్ద మొదలిడిన పనులుకూడ 1871లో నిలిపివేయబడినవి. ఈ రెంటిని ఆయన విరోధులు ఎన్నడు మరువలేదు.

విరోధులు ఎవరనగా, ముఖ్యముగా రైలుమార్గముల పక్షమువారు. ఆ కాలమున రైలుకంపెనీలకును 5 వంతుల హామీ కలదు. రైలు నష్టపడినను ఇంగ్లండులోని వాటాదారునకు వడ్డీ తప్పదు. ఆ వడ్డీ ఇండియా రైతు శిస్తునుండి పోవును. ఇట్టి ఏర్పాటు ఎవరికి లాభమో వేరుగా చెప్పనేల? కాటన్ దీనిని బాహాటముగా ఖండించెను. కాలువ పొలమునకు నీరిచ్చును, పడవను మోయును. రైలు ధాన్యమును మోయునేగాని పండింపలేదు. పండనిచోట ధాన్యము కొనుటకు కూలివాని చేతిలో డబ్బెక్కడిది? రైళ్ల ప్రయోజనమును ఆయన మరీ తక్కువగా అంచనా వేసెనని ఇపుడు మనము చెప్పవచ్చును. కాని ఆ ప్రశ్నకు సమాధానము మాత్రము ఎవరును సరిగా చెప్పలేదు.

1876లో వానలు తప్పినవి. రెండు సంవత్సరముల పాటు మదరాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప, సేలము మొదలగు జిల్లాలు ఘోరమైన క్షామమున పడినవి. దక్షిణ దేశమున లక్షలకొలది ప్రజలు మరణించిరి. రైళ్లుండెను, రైళ్లలో ధాన్యమును వచ్చెను, కొనలేనివారు పట్టాలప్రక్కనే ప్రాణములు విడిచిరి. గోదావరి, కృష్ణా, కావేరీ డెల్టాలలో పంటలు నిలిచినవి. అచటినుండి ధాన్యము కరువు జిల్లాలకు వెళ్లినది. నలుబదియేండ్లకు మునుపు తానే కరువుతో నశించిన గోదావరి సీమ ఇపుడు ఇతరులకు అన్నము పెట్టినది. ముప్పదియేండ్లుగా ఒక వృద్ధుడు అరచుచున్న మాటకు ఇంతకంటె సాక్ష్యము ఏమి కావలెను?

కాటన్ ఉద్యోగము విడిచి ఇంగ్లండులో నుండెను. డెబ్బదియేండ్లు దాటినవి. సుఖముగా కూర్చుండవలసిన ఆ వయస్సున మాంచెస్టరు మొదలగు నగరములకు వెళ్లి సభలలో మాటాడెను, పత్రికలకు వ్రాసెను. దాదులకు ఆదర్శమైన ఫ్లారెన్స్ నైటింగేల్ ఆయన పక్షము వహించి తన కలమును ఆయనకు తోడుచేసెను. 1878లో పార్లమెంటు ఒక సెలెక్టు కమిటీని నియమించినది. అధ్యక్షుడు లార్డ్ జార్జి హామిల్టన్. ఆయన అంతకుముందు ఇండియా మంత్రికి సహాయమంత్రి. విచారింపవలసిన పని ఎవరిదో ఆ శాఖవారే విచారణకర్త! కాటన్ సాక్షిగా నిలిచెను. సాక్షియా, ముద్దాయియా యను సందేహము కలుగునట్లు ప్రశ్నలు పడినవి. తుంగభద్ర కంపెనీ నష్టములు ఎత్తబడినవి. ఒరిస్సా కాలువల నష్టములు ఎత్తబడినవి. అంకెలలోని పొరపాట్లు ఏరబడినవి. ఆ అంకెలలో కొన్ని నిజముగానే అతిశయములు. ఒక కాలువ నష్టపడినంతమాత్రమున పదిలక్షలమంది చావు ఒప్పగునా యని మాత్రము ఆ సభలో ఎవరును ప్రశ్నింపలేదు. ఆయన వెనుదీయలేదు. ఇండియాలో మనుష్యులు చనిపోయినది దేవుడు నీరు ఇయ్యనందున కాదు, ఇచ్చిన నీటిని ప్రభుత్వము నిలుపనందుననే యని తొలినాటి మాటయే తిరిగి చెప్పెను.

కమిటీ నివేదిక ఆయన పథకములకు అనుకూలముగా రాలేదు. 1880నాటి క్షామ కమిషనును రైళ్లను విస్తరింపవలెనని చెప్పినది. అధికారుల దృష్టిలో ఆ ముసలి జనరలు ఓడిపోయెను.

ఆయన ధైర్యమునకు మూలమేమని యోచింతుము. పేరాసయా? వచ్చిన పేరును ఈ వాదములవలన పోగొట్టుకొనెనేగాని పెంచుకొనలేదు. ధనమా? రైలుపక్షమున చేరినవారికే ధనము. ఏలినవారికి పైన ఏలువాడొకడున్నాడనియు, ఆయనయెదుట తాను లెక్క చెప్పవలసియుండుననియు నమ్మినవానికి లార్డుల ప్రశ్నలు అంత భీకరముగా తోపకపోవుటలో వింతలేదు. అయితే మరియొక మాటయు చెప్పవలెను. ఆయన ఆంగ్లప్రభుత్వపు తప్పులను చూపెనేగాని, ఈ దేశమును ఆంగ్లేయులు ఏలుట తప్పని చెప్పలేదు. ఆ మాట చెప్పుటకు మన దేశస్థులే ముందుకు రావలసివచ్చెను.

చివరి సంవత్సరములు డార్కింగు అను పట్టణమున గడిపెను. అచటను చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. నేలను లోతుగా త్రవ్వి గోధుమ వేసినచో దిగుబడి యెట్లు పెరుగునో తన చిన్న తోటలో పరీక్షలు చేయుచుండెను. తొంబదియేండ్ల వృద్ధుడు మడిలో వంగి వెన్నులు లెక్కించుచుండుట ఆ యూరివారికి పరిచితమైన దృశ్యము. 1899 జూలై 24వ తేదీన తన 96వ యేట ప్రభువునందు నిద్రించెను. కుమార్తె లేడీ హోప్, తానును సువార్తసేవకురాలు, మరుసటి సంవత్సరము తండ్రి చరిత్రను ప్రకటించెను.

ఆయన చనిపోయిన రెండేండ్లకు, 1901లో, ప్రభుత్వము ఇండియా నీటిపారుదల కమిషనును నియమించినది. 1903లో అది దేశమందంతట క్రొత్త కాలువలను, జలాశయములను విరివిగా నిర్మింపవలెనని సిఫారసు చేసెను. ఆయన 1860లోనే తలపోసిన తుంగభద్ర జలాశయము 1953లో పూర్తియైనది. ధవళేశ్వరమున పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా నది బలమునకు ఓర్చి, 1970–82 నడుమ కట్టబడిన క్రొత్త బ్యారేజికి స్థానమిచ్చినది. దానికి ఆయన పేరే పెట్టిరి. గోదావరిలో స్నానముచేయు పండితులు కొందరు ఆయనను భగీరథునిగా స్మరించు సంస్కృత శ్లోకమును చదువుదురు. పుష్కరాల రేవులో మడిబట్టతో నిలిచిన శ్రోత్రియుని నోట ఆంగ్లేయుడైన క్రైస్తవుని పేరు వినబడినపుడు క్రొత్తవారు ఆశ్చర్యపడుదురు. మన సీమవారికి ఆశ్చర్యము లేదు.